గడప దాటని నీళ్ల అడుగున...

ఒకసారి ఫోన్‌లో స్వీడన్ మ్యాప్ తెరిచి పడమటి తీరం జూమ్ చేయండి. గోథెన్‌బర్గ్‌కి పైన, నార్వే సరిహద్దుకి కింద తీరమంతా చింపిన కాగితం అంచులా ఉంటుంది. ఆ చింపుల్లో ఒకటి మిగతావాటికన్నా లోపలికి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. అదే గుల్‌మార్ ఫియర్డ్. పొడవు 25 కిలోమీటర్ల పైచిలుకు. వెడల్పు మూడు కిలోమీటర్ల లోపే. నార్వే ఫియర్డ్‌లలో లాగా పెద్ద కొండలు, జలపాతాలు ఉండవు. రీల్ తీసి పెడితే లైకులు కూడా పెద్దగా రావు. కానీ సముద్రం అడుగు బురదని చదివేవాళ్లకి మాత్రం ఇది కాశీ లాంటి చోటు.

నేను గోథెన్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మాది కాకినాడ పక్కన ఉప్పాడ. పట్టుచీరలకి ఎంత పేరో, సముద్రం ఊరిని కోసుకుపోవడానికీ అంతే పేరున్న ఉప్పాడ. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక అక్క ఉంది. వైజాగ్ ఆవిడ. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివి, పరిశోధన కోసం ఇక్కడికి వచ్చింది. ఉగాది భోజనాల దగ్గర "మీరేం చేస్తారక్కా?" అని అడిగితే, "బురద జల్లెడ పడతాను తమ్ముడూ" అంది పులిహోర వడ్డిస్తూ. జోకేమో అనుకుని నవ్వాం. "నిజంగానే. నమ్మకపోతే మే నెలలో ఫియర్డ్‌కి వెళ్తున్నా, వచ్చి చూడు" అంది. అలా బయల్దేరాను.

పసుపు పడవ మీద పది నిమిషాలు

గోథెన్‌బర్గ్ నుంచి లీసెకిల్ ఊరికి బస్సులో వెళ్లొచ్చు. దారిలో ఫియర్డ్ అడ్డం వస్తుంది. అక్కడ వంతెన లేదు. బస్సు నేరుగా పసుపు రంగు ఫెర్రీ ఎక్కేస్తుంది, కార్లూ లారీలూ దాని పక్కనే. టికెట్ లేదు. ఈ ఫెర్రీని ప్రభుత్వం రోడ్డులో ఒక ముక్క కిందే లెక్కేస్తుంది. మన కోటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లకి ఈ సీను కొత్తేం కాదు, చలి తప్ప.

లీసెకిల్ చుట్టూ రాళ్లు గులాబీ రంగులో ఉంటాయి. బోహుస్ గ్రానైట్ అంటారు. సాయంత్రం ఎండ పడితే తీరమంతా ఎర్రగా మెరుస్తుంది. అవతలి ఒడ్డున ఫిస్కెబెక్‌స్కీల్ అనే చిన్న పల్లె. తెల్లటి చెక్క ఇళ్లు, వాటి మధ్య సందులు, ప్రతి ఇంటి ముందూ ఒక పడవ. ఆ పల్లెని ఆనుకునే క్రిస్టినెబెర్గ్ సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. 1877లో మొదలైంది. అంటే దాదాపు నూట యాభై ఏళ్లుగా ఎవరో ఒకరు ఈ నీళ్లని కొలుస్తూ, అడుగు నుంచి బురద తీసి చూస్తూ ఉన్నారు. 1983లో ఈ ఫియర్డ్‌ని స్వీడన్ మొదటి సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు.

ఈ నీళ్లకున్న ప్రత్యేకత పైనుంచి చూస్తే తెలియదు. ఫియర్డ్ నోటి దగ్గర నీళ్ల కింద ఒక రాతి గట్టు ఉంది. దాని మీద నీటి లోతు 40 మీటర్ల చిల్లర. గట్టు దాటి లోపలికి వెళ్తే లోతు దాదాపు 120 మీటర్లు. ఇలాంటి ఫియర్డ్‌ని స్వీడిష్‌లో పిలిచే మాటకి అర్థం 'గడప ఉన్న ఫియర్డ్'. గడప మీది నుంచి పైనీళ్లు ఇష్టమొచ్చినట్టు వచ్చిపోతాయి. అడుగున ఉన్న చల్లటి, ఉప్పు ఎక్కువైన, బరువైన నీళ్లు మాత్రం గడప దాటలేక లోపలే ఉండిపోతాయి.

ఉండిపోయిన నీళ్లకి ఒక ఇబ్బంది ఉంది. పైనుంచి చచ్చిన నాచు, చెత్త నిత్యం కిందికి రాలుతూనే ఉంటాయి. బ్యాక్టీరియా వాటిని కుళ్లబెడుతూ ఆక్సిజన్ వాడేసుకుంటాయి. తలుపులు మూసిన గదిలో పదిమంది కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగే. మామూలుగా ఏడాదికోసారి, చలికాలం చివర్లోనో వసంతం మొదట్లోనో, బయటి సముద్రం నుంచి బరువైన కొత్త నీళ్లు గడప దాటి లోపలికి జారి పాతవాటిని తోసేస్తాయి. ఆ ఏడాది అవి రాలేదంటే అడుగున ఊపిరాడదు.

చిటికెడు బురదలో జనాభా లెక్కలు

అక్కా వాళ్ల టీమ్ ఓ చిన్న పరిశోధన నౌక నుంచి గొట్టం లాంటి పరికరాన్ని కిందికి దించింది. కోరర్ అంటారు. అది బురదలోకి దిగి, పొరలు చెదరకుండా ఓ నిలువు ముక్కని కోసుకొస్తుంది. పైకి తెచ్చాక దాన్ని కేకులా సెంటీమీటర్ చొప్పున కోస్తారు. పైముక్క ఈమధ్యది. కిందికి వెళ్లేకొద్దీ పాతది. ఏ ముక్క ఏ కాలానిదో బురదలో ఉండే రేడియోధార్మిక సీసాన్ని కొలిచి లెక్క కడతారు.

ఒక్కో ముక్కనీ సన్నటి జల్లెడ మీద కడుగుతారు. ఆ కన్నం సైజు మిల్లీమీటర్‌లో పదో వంతుకి అటూ ఇటూగా ఉంటుంది. మిగిలిందాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను చూడమంది అక్క.

నేను చూసింది బురద కాదు, స్వీట్ షాపు! ఒకటి జిలేబీలా చుట్టుకుని ఉంది. ఇంకొకటి గాజు బిళ్లలా అటునుంచి ఇటు కనిపిస్తోంది. ఇంకోటి కదురులా రెండు కొసలా సన్నంగా ఉంది. ఇసుక రేణువుల్ని ఒకదానికొకటి అతికించుకుని కట్టుకున్న గరుకు బుర్ర ఇల్లు మరొకటి. వీటన్నిటినీ కలిపి ఫోరామినిఫెరా అంటారు, ముద్దుగా ఫోరామ్‌లు. ఒక్కోటీ ఒకే ఒక్క కణం. ఆ ఒక్క కణమే గదుల మీద గదులు కట్టుకుంటూ ఇల్లు పెంచుకుంటుంది. ఈ జాతి భూమ్మీద 50 కోట్ల ఏళ్లకు పైగా ఉంది. ఈజిప్టు పిరమిడ్ల రాళ్లలో నాణేల్లా కనిపించేవి కూడా పాతకాలపు పెద్ద ఫోరామ్‌ల పెంకులే.

తీసినప్పుడు ఏవి బతికున్నాయో తెలియడానికి ఓ గులాబీ రంగు వేస్తారు. దాని పేరు రోజ్ బెంగాల్. మా ఊరి సముద్రం పేరు అంత దూరాన, ఆ సీసా మీద చూసి భలే అనిపించింది. లోపల కణం ఉంటే పెంకు గులాబీ రంగుకి తిరుగుతుంది. "దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. చచ్చి ఎన్నో రోజులు కానివి కూడా రంగు పట్టేస్తాయి" అంది అక్క. తర్వాత సన్నటి కుంచెతో ఒక్కోదాన్నీ ఎత్తి, 60 గళ్ల నల్ల స్లైడులో సర్దడం మొదలుపెట్టింది. ఒక్క శాంపిల్‌కి మూడొందలు లెక్కపెట్టడం వాళ్ల లోకంలో ఆనవాయితీ. నేను ముప్ఫైకే మెడ పట్టేసి లేచిపోయాను.

పేరు వద్దు, పని చెప్పు

ఇంతకీ లెక్కపెట్టి ఏం చేస్తారు? పాత పద్ధతి పేర్లు రాయడం. ఈ జాతివి ఇన్ని, ఆ జాతివి అన్ని. కానీ గుల్‌మార్‌లో ఉండే జాతులన్నీ కాకినాడ దగ్గర ఉండవు. పెరూ దగ్గర ఉండేవి ఇంకో రకం. పేర్ల జాబితాలు మూడు పక్కపక్కన పెడితే పోల్చడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అందుకే ఇప్పుడు చాలామంది పేరుతో పాటు లక్షణాలు కూడా రాస్తున్నారు. సైజు ఎంత? ఇల్లు సున్నంతో కట్టిందా, ఇసుక అతికించుకుందా? బురద పైన ఉంటుందా, లోపలికి దూరి ఉంటుందా? ఏం తింటుంది? ఆక్సిజన్ తగ్గితే తట్టుకుంటుందా? త్వరగా పిల్లల్ని పెడుతుందా? ఇవి రాస్తే గుల్‌మార్ బురదనీ, బంగాళాఖాతం బురదనీ ఒకే టేబుల్లో పెట్టొచ్చు.

పైథాన్ రాసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. డక్ టైపింగ్! ఆబ్జెక్ట్ ఏ క్లాస్‌దో మనకి అనవసరం. బాతులా నడిచి, బాతులా అరిస్తే బాతే. "మీ ప్రోగ్రామింగ్ సంగతి నాకు తెలీదు గానీ, మాకు ఒక చిక్కుంది" అంది అక్క. "చాలా జాతులు ఏం తింటాయో ఎవరూ చూడలేదు. ఇవాళ పైన ఉన్నది ఆక్సిజన్‌ని బట్టి రేపు కిందికి దిగొచ్చు, కిందది పైకి రావొచ్చు. టేబుల్లో ఒక గడి నింపావంటే అది ఒకళ్లు కూర్చుని చూసిన పని అయ్యుండాలి. పెంకు ఆకారం చూసి ఊహించి నింపేస్తే తర్వాత లెక్కంతా తప్పుతుంది."

కదురు మిగిలింది

ఇప్పుడు అసలు కథ. 1947లో హాన్స్ హోగ్‌లండ్ అనే శాస్త్రవేత్త ఈ ఫియర్డ్‌లోనూ, బయటి స్కాగెరాక్ సముద్రంలోనూ ఉండే ఫోరామ్‌ల మీద పెద్ద గ్రంథం అచ్చేశాడు. ఎక్కడ ఏది ఉందో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. అప్పటి లోతు నీళ్ల అడుగున రకరకాలవి ఉండేవి. బయటి సముద్రంలో ఉన్నవే చాలావరకు ఇక్కడా ఉండేవి. గాజు బిళ్లలాంటి హయలినియా, ఇసుక ఇల్లు కట్టుకునే లీబుసెల్లా, ఇంకా చాలా.

1970ల చివర, 1980ల మొదట్లో అడుగున ఆక్సిజన్ బాగా పడిపోయింది. తర్వాతి కాలంలో శాస్త్రవేత్తలు బురద ముక్కలు కోసి చూస్తే, సరిగ్గా ఆ పొరల దగ్గర జనాభా మారిపోయి కనిపించింది. పాతవాళ్లు చాలావరకు మాయం. వాళ్ల స్థానంలో ఒక్క జాతి విపరీతంగా పెరిగింది. పేరు స్టెయిన్‌ఫోర్థియా ఫ్యూసిఫార్మిస్. మైక్రోస్కోప్‌లో నేను చూసిన ఆ కదురు ఇదే. బాగా చిన్నది. జల్లెడ కొంచెం ముతకదైతే జారి పోతుంది కూడా. ఆక్సిజన్ తక్కువైనా తట్టుకుంటుంది, చోటు ఖాళీ అయితే అందరికన్నా ముందొచ్చి నిండిపోతుంది.

ఇక్కడే లక్షణాల లెక్క విలువ తెలుస్తుంది. తలలు మాత్రమే లెక్కపెడితే బురదలో బోలెడంత జీవం ఉన్నట్టే కనిపించొచ్చు. మీ వీధినే తీసుకోండి. ఒకప్పుడు కిరాణా కొట్టు, టైలరు, సైకిల్ రిపేరు, మందుల షాపు ఉండేవి. ఇప్పుడు వరసగా అన్నీ మొబైల్ షాపులే. షట్టర్లు అన్నీ తెరిచే ఉన్నాయి, జనం కూడా ఉన్నారు. కానీ చొక్కా చిరిగితే కుట్టేవాడు లేడు. ఫియర్డ్ అడుగున జరిగింది అదే. పెద్ద ఇల్లు కట్టేవి, నిదానంగా పెరిగేవి పోయాయి. చిన్నగా, వేగంగా, ఎలాగోలా బతికేవి నిండాయి. అడుగు ఇంకా బతికే ఉంది, కానీ అక్కడ జరిగే పనులు తగ్గిపోయాయి.

దీనికి ఎవరు కారణం? పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు కలిసి నాచు పెరగడం ఒక కారణమని చాలామంది అన్నారు. ఇంకో కారణం గాలి. పడమటి గాలులు బలంగా వీచే చలికాలాల్లో పైనీళ్లు తీరం వైపు నెట్టుకొచ్చి మేట వేస్తాయి, బయటి బరువు నీళ్లు గడప ఎత్తుకి రాలేవు. గాలి ఈశాన్యం నుంచి వీస్తే పైనీళ్లు బయటికి పోయి, వాటి కిందున్న బరువు నీళ్లు పైకి లేచి గడప దాటుతాయి. ఉత్తర అట్లాంటిక్ వాతావరణం 1970ల తర్వాత పడమటి గాలుల వైపు మొగ్గింది. అడుగు ఆక్సిజన్ తగ్గడానికి ఇదీ కారణమేనని బురద చదివినవాళ్లు 2000 తర్వాత గట్టిగా చూపించారు. మురుగు ఆపితే సరిపోతుంది అనుకోవడానికి లేదు. ఆకాశంలో గాలి మారినా నూట ఇరవై మీటర్ల కింద ఇల్లు ఖాళీ అవుతుంది.

ఊపిరి దాచుకునేవాళ్లు

ఈ ఫియర్డ్ బురద నుంచే 2006లో ఇంకో పెద్ద వార్త వచ్చింది. నేచర్ పత్రికలో అచ్చయింది. గ్లోబోబులిమినా అనే ఫోరామ్ ఆక్సిజన్ లేని చోట కూడా ఊపిరి తీసుకోగలదని తేలింది. అది తన కణం లోపల నైట్రేట్‌ని దాచుకుంటుంది. అవసరమైనప్పుడు ఆక్సిజన్ బదులు దాన్ని వాడి, నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఈ పని బ్యాక్టీరియాదని అప్పటిదాకా పుస్తకాల్లో ఉండేది. 2018లో అదే ఫియర్డ్ ఫోరామ్‌ల జన్యువులు చదివితే, ఈ పనిలో చాలా మెట్లకి సొంత జన్యువులే ఉన్నాయని బయటపడింది.

మనకేంటి అంటారా? నైట్రేట్ అంటే ఎరువు. నీళ్లలో అది ఎక్కువైతే నాచు పెరుగుతుంది, నాచు కుళ్లితే ఆక్సిజన్ పోతుంది. దాన్ని వాయువుగా మార్చి గాల్లోకి పంపేసేవాళ్లు సముద్రం అడుగున ఉచితంగా పారిశుద్ధ్యం చేస్తున్నట్టే. అందుకే 'నైట్రేట్ ఊపిరి ఉందా, లేదా' అన్నది ఇప్పుడు టేబుల్లో ఒక ముఖ్యమైన గడి అయింది.

2011లో ఈ ఫియర్డ్‌కి ఒక కొత్త చుట్టం కూడా వచ్చింది. నోనియోనెల్లా అనే గణంలోది. ఇంకా పూర్తి పేరు పెట్టకుండా 'టీ1' అని పిలుస్తున్నారు. నౌకలు బరువు కోసం నింపుకునే నీళ్లలో వచ్చి ఉండొచ్చని అంచనా. దీనికీ నైట్రేట్ ఊపిరి ఉంది. పేరు సరిగ్గా తేలకముందే అది చేసే పని తెలిసిపోయింది. ఇది పెరిగితే ఫియర్డ్‌లో నైట్రోజన్ లెక్క ఎటు పోతుందో ఆలోచించడానికి ఆ ఒక్క ముక్క చాలు.

మా మావయ్య లెక్క

ఆ సాయంత్రం గులాబీ రాళ్ల మీద కూర్చుని ఉప్పాడకి వీడియో కాల్ చేశాను. మా మావయ్యకి బోటు ఉంది. "ఒరే అల్లుడూ, అంత దూరం వెళ్లి ఆ బురదలో ఏం ఎతుకుతున్నావురా?" అన్నాడు. చెప్పాను. కాసేపు విన్నాడు. "మన దగ్గరా మారిందిరా. మా నాన్న టైములో వల ఇక్కడేస్తే చాలు. ఇప్పుడు డీజిల్ అంతా కాల్చి లోపలికెళ్లాల్సొస్తంది. అడుగున ఏం మారిందో ఎవడికి తెలుసు? ఎవడు రాసిపెట్టాడు?" అన్నాడు.

ఆ మాటకి పక్కనుంచి అక్క జవాబు చెప్పింది. "ఎవరూ రాయలేదని కాదు బాబాయ్ గారూ. మా యూనివర్సిటీలో జియాలజీ వాళ్లు దశాబ్దాలుగా మన తీరంలో ఇవే పురుగుల్ని లెక్కపెడుతున్నారు. కాకపోతే ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు. అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి."

బంగాళాఖాతానికి రాతి గడప లేదు, కానీ ఇంకో రకం మూత ఉంది. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి తెచ్చే మంచినీళ్లు పైన పలచటి దుప్పటిలా పరుచుకుంటాయి. కింది ఉప్పునీళ్లతో త్వరగా కలవవు. దాంతో పైగాలి కిందికి చేరడం కష్టం. వంద మీటర్ల లోతు దాటాక కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే పొర ఉంది. అరేబియా సముద్రంలో ఇలాంటి పొరలో నైట్రేట్ ఇప్పటికే పెద్ద ఎత్తున వాయువుగా మారిపోతోంది. మన వైపు ఇంకా ఆ స్థాయికి రాలేదు. మిగిలిన కాస్త ఆక్సిజన్ దారప్పోగులా దాన్ని ఆపుతోందని 2017లో పరిశోధకులు చూపించారు. ఆ పోగు తెగిందో లేదో ముందుగా తెలిసేది ఎవరికి? అడుగున ఉన్నవాళ్లకే. ఆ పొర నేలని తాకే చోట ఎవరు వెళ్లిపోతున్నారు, ఎవరు వచ్చి నిండుతున్నారు అన్నది చూస్తే చాలు.

గుల్‌మార్ వాళ్ల అదృష్టం ఆ ఫియర్డ్ అందం కాదు. 1980లో ఇల్లు ఖాళీ అయిందని వాళ్లకి తెలియడానికి కారణం, 1947 నాటికే ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ఒకాయన ఓపిగ్గా రాసిపెట్టడం. ఆయనకి నైట్రేట్ ఊపిరి సంగతి తెలియదు. 'టీ1' సంగతి అసలే తెలియదు. ఏది ఎలా ఉంది, ఎక్కడ ఉంది అన్నది రాశాడు, అంతే. డెబ్భై ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు ఆ పేర్ల పక్కన కొత్త గడులు గీసుకుని నింపుకుంటున్నారు.

మీకూ ఒక చిన్న పని. ఈసారి ఆర్కే బీచ్‌కో, సూర్యలంకకో, ఉప్పాడకో వెళ్తే, అల వెనక్కి తగ్గాక తెల్లటి పొడి గీతలా మిగిలే చోట చిటికెడు ఇసుక తీసుకోండి. ఆరబెట్టి నల్ల కాగితం మీద పరవండి. ఫోన్‌కి క్లిప్ పెట్టే మాక్రో లెన్స్ ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. ఓపిగ్గా వెతికితే, అదృష్టం ఉంటే, ఇసుక రేణువుల మధ్య ఒక బుల్లి జిలేబీ కనిపిస్తుంది. ఫొటో తీయండి. తేదీ, చోటు, ఎంత ఉంది, ఎలా చుట్టుకుంది, ఇల్లు నున్నగా ఉందా గరుకుగా ఉందా రాసుకోండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. పేరు తర్వాత ఎవరైనా పెట్టుకుంటారు.